యాపులు మింగే ఫోను

"ఏమే, ఈ దరిద్రం మోగట్లేదు, చూడు" అంటూ శేషగిరిరావు తన ఫోన్‌ని అన్నం బల్ల మీద జార్చాడు. అది జర్రున పోయి పప్పుగిన్నెకి కొట్టుకుని ఆగింది.

రోహిణి ఎడం చేత్తో ఫోన్ అందుకుని కుడి చేత్తో మొగుడికి దొండకాయ వేపుడు వడ్డించింది. ఆ ఇంట్లో అది వింతేమీ కాదు. ఆవిడకి ఉన్నవి రెండు చేతులేనన్న సంగతి పెళ్ళయిన ఏడాదికే అందరూ మర్చిపోయారు.

గురజాలలో వాళ్ళ వీధిలో ఏ ఫోన్ తుమ్మినా దగ్గినా రోహిణి దగ్గరికే రావాలి. ఎదురింటి రామాయమ్మ ఫోన్‌లో బొమ్మలన్నీ తలకిందులైతే, పాపం ఆవిడ తనే తలకిందులుగా వేలాడి మనవడి పెళ్ళి ఫోటోలు చూసిందట. రోహిణి ఒక్క వేలు ఆడించి ఆ పెళ్ళి వాళ్ళందరినీ నిలబెట్టింది. కళ్ళంలో ఎండుమిరప కాయల కింద పూడుకుపోయిన శాంతమ్మ ఫోన్ హాచ్, హాచ్ అని తుమ్ముకుంటూ బయటపడిందనీ, రోహిణి దాని ముక్కు తుడిచి ఇంటికి పంపిందనీ కూడా చెప్పుకుంటారు. నమ్మేవాళ్ళు నమ్మొచ్చు. నమ్మనివాళ్ళు కూడా ఫోన్ ఆగిపోతే ఆ గుమ్మమే ఎక్కేవాళ్ళు. రోహిణి వైద్యం పెద్ద గొప్పదేమీ కాదు. ఒకసారి ఆపి తెరవడం, యాపు కడుపులో పేరుకున్న పాత చెత్త ఊడ్చెయ్యడం, దేనికి ఏ అనుమతి ఇచ్చారో చూడటం, అప్పటికీ మొండికేస్తే పీకేసి మళ్ళీ వెయ్యడం. ఇల్లు ఊడవడం, గిన్నెలు తోమడం లాంటిదే ఇదీను. కూలీ కూడా వాటికిచ్చినట్టే ఇచ్చేవాళ్ళు: "నువ్వెటూ ఖాళీగానే ఉంటావుగా."

అయితే ఊరందరి ఫోన్లూ బాగుచేసే రోహిణి ఫోన్‌కి మాత్రం పాడు రోగం ఒకటి పట్టుకుంది. అది యాపుల్ని మింగేది. అన్నిటినీ కాదు. పాలవాడి లెక్కల యాపు చల్లగా ఉండేది. గ్యాస్ బండ బుక్ చేసే యాపు నిక్షేపంగా ఉండేది. టీచరు పరీక్షకి పాఠాలు చెప్పే యాపుని మాత్రం మింగేసేది. వేసుకున్న రెండో రోజుకో మూడో రోజుకో తెర మీంచి మాయం. మళ్ళీ వేసుకుందామని స్టోర్‌లోకి వెళితే "ఇది మీ ఫోన్‌లో ఇదివరకే ఉంది" అనేది. ఉంటే ఏదీ? వెతికితే కనపడదు, పిలిస్తే పలకదు. తవుడు డబ్బాలో జారిపడ్డ ఉంగరం కోసం వెతికినట్టు రోహిణి ఆ ఫోన్‌ని సందు సందూ వెతికేది.

అది ఆషామాషీ యాపు కాదు. పెళ్ళికి ముందే బీఎడ్ చదివిన మనిషి రోహిణి. టీచరు ఉద్యోగానికి పరీక్ష రాస్తానన్నప్పుడల్లా ఆ ఇంట్లో ఏదో ఒకటి అడ్డం పడుతూ వచ్చింది. "పిల్లాడు కాస్త ఎదగనీ" అన్నాడు శేషగిరిరావు. పిల్లాడు ఎదిగి హాస్టల్‌కి పోయాడు. "మా అమ్మ మోకాలి ఆపరేషన్ కానీ" అన్నాడు. మోకాలు మెరుగై అత్తగారు మెట్లు ఎక్కుతోంది. "ఈ మిర్చి సీజన్ దాటనీ, కొట్లో ఊపిరాడట్లా" అన్నాడు. పురుగుమందుల కొట్టుకి ఊపిరాడని రోజంటూ ఉంటుందా? అలా దాటిస్తూ దాటిస్తూ రోహిణికి నలభై మూడు నిండాయి. ఈసారి నోటిఫికేషన్ దాటితే పరీక్ష రాసే వయసే దాటిపోతుంది. నరసరావుపేటలో గది తీసుకుని ఇదే పరీక్షకి చదువుతున్న ఫాయిజా ఆ యాపు పేరు చెప్పింది. ఇద్దరూ బీఎడ్‌లో ఒకే బెంచీ. "నువ్వొచ్చి నాతోబాటు ఉండరాదంటే, ఇంకో మంచం పడుద్ది" అని కూడా అంది ఫాయిజా. "అమ్మో, ఇల్లు వదిలా!" అంది రోహిణి అప్పట్లో. యాపు ఉంటే చాలనుకుంది. కుక్కర్ కూతల మధ్య బాలల మనోవికాసం పాఠం వింటూ, అంట్ల సబ్బు నురగ వేళ్ళతో లెక్కల బిట్లకి జవాబులు నొక్కుతూ చదువుకుందామనుకుంది. అదీ సాగనివ్వలేదు ఫోను.

మొదట ఆపి తెరిచింది. తర్వాత చెత్త ఊడ్చింది. ఫోన్‌కి జాగా చాలట్లేదేమో, అందుకే మింగుతోందేమో అనుకుంది. ఒకరోజు భోజనాల దగ్గర ఆ మాటే అంటే, శేషగిరిరావు చెయ్యి కడుక్కుంటూ, "పాత సోదంతా దాచుకుంటే అంతే మరి. తీసెయ్, ఖాళీ అవుద్ది" అని సలహా ఇచ్చాడు.

రోహిణి తీసేసింది. పిల్లాడి బడి ఫోటోలు తీసేసింది. నూజెండ్లలో పోయిన తన అమ్మ, పోకముందు పంపిన వాయిస్ మెసేజులు ఉండేవి. "అమ్మాయ్, తిన్నావా? నీకు గోంగూర పెట్టా, ఎవరన్నా వస్తే పంపుతా" అని ఒకటి. దగ్గు తప్ప మాటే లేనిది ఇంకొకటి. వాటిని ఆఖర్న తీసేసింది. మోటరు బావి దగ్గర నిలబడి, ఒక్కోటీ చివరిసారి విని, ఒక్కోటీ తీసేసింది. తీసేసిన మర్నాడు యాపు వచ్చింది. ఆ తర్వాతి రోజుకి మళ్ళీ మాయమైంది.

ఇక ఇంట్లో నవ్వులే నవ్వులు. "దీని చేతికి యాపు నిలవదమ్మా" అనేవాడు శేషగిరిరావు, కొట్టుకి వచ్చిన రైతుల ముందు కూడా. "బీఎడ్డంట, బీఎడ్డు! తన ఫోన్ తనకే లొంగదు, రేపు నలభై మంది పిల్లలు లొంగుతారా?" అనేవాడు. అత్తగారు వీరరాఘవమ్మకి ఇంకో దిగులు. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆవిడ ఫోన్‌లో సీరియల్ సగంలో ఆగిపోయేది. సరిగ్గా కోడలు అత్తకి ఎదురు తిరిగే సమయానికి! "నీ ఫోన్ రోగం నాకూ అంటించావు, నా దాన్ని ముట్టుకోమాక" అని ఆవిడ రోహిణి మీద అలిగి కూర్చుంది. రోహిణి కూడా చివరికి అదే నమ్మింది. నా చేతిలోనే ఏదో ఉంది, నేను తాకితే ఏదీ నిలవదు అనుకుంది. నలభై మూడేళ్ళ మనిషి తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది.

సరే, ఇవాళ్టి భోజనం దగ్గరికి వద్దాం.

మొగుడి ఫోన్ ఎందుకు మోగట్లేదో చూడటం రోహిణికి పప్పు వడ్డించినంత పని. తెర పైమూల చంద్రవంక గుర్తుంది. నిన్న మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు తనే దాన్ని నొక్కి ఉంటాడు. అప్పట్నుంచి ఫోన్ మూగనోము పట్టింది. తామరపురుగు పట్టిన మిరపాకుల ఫోటోలు పంపి పంపి రైతులు నోళ్ళు నొప్పెట్టేలా తిడుతున్నారు. వంక తీసేద్దామని వేలు పెడుతూ, పోనీ ఏమేం రాకుండా పోయాయో చూద్దామని కిందికి లాగింది.

ఆకుల ఫోటోల మధ్య ఒక ఇంటి కబురుంది.

"రోహిణి కొత్త యాపు వేసుకుంది. చూస్తారా?"

నొక్కింది. ఒక పేజీ తెరుచుకుంది. పైన తన ఫోటో, పెళ్ళిరోజున తీసింది. దాని కింద పేరు. పేరు పక్కన వయసు: తొమ్మిదేళ్ళు. దాని కింద ఒక పటం, పటంలో తమ ఇల్లు, ఇంటి మీద నీలం చుక్క. ఆ చుక్క తనే. చుక్క కింద తన ఫోన్‌లో ఉన్న యాపులన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కోదాని పక్కన ఒక్కో మీట. గ్యాస్ బండకి "సరే." పాలకి "సరే." పాఠాల యాపుకి "వద్దు."

మింగింది ఫోన్ కాదన్నమాట.

రోహిణి చేతిలో గరిట అలాగే ఉంది. గరిటలో చారు అలాగే ఉంది. ఒంట్లో రక్తం మాత్రం ఒక్క ఉదుటున తలకెక్కి, చెవుల్లో పిండిమర ఆడినట్టు ఆడింది.

"ఇదేందండీ?"

శేషగిరిరావు ఓరగా చూశాడు. ముద్ద ఆపలేదు. "ఓ, అదా! మన చైతూ గాడు ఆటలాడి చెడిపోతున్నాడని అప్పట్లో వేయించా గదా, పిల్లల ఫోన్ మీద కాపలా యాపు, చిన్న వయసేస్తేనే పనిచేసేది, అదే. వాడు హాస్టల్‌కి పోయాక ఖాళీగా పడుందిలే అని..."

"ఖాళీగా పడుందని నన్ను కూర్చోబెట్టారా అందులో?"

"నీ మంచికేనే. ఊళ్ళో ఎన్ని మోసాలు జరగట్లా? ఓటీపీలంట, ఇంకేందో అంట."

"పాఠాలు చెప్పేదాంట్లో ఓటీపీ ఏందండీ?"

"ఇప్పుడు నువ్వు చదువంటూ కూర్చుంటే ఇంట్లో ఎవరు చూస్తారు? వద్దని మొహం మీద చెబితే ఏడుస్తావు. అందుకని మధ్యమధ్యలో ఒకటి రెండు రోజులు వదిలి, నొప్పి తెలీకుండా తీసేశా" అని, అదేదో పంటి డాక్టర్‌లా కాస్త నవ్వాడు కూడా. "చారు పొయ్యి."

అవతల నులకమంచం కిర్రుమంది. వీరరాఘవమ్మ నాపరాళ్ళ గోడ మీద చెయ్యి ఆన్చుకుంటూ లేచి వచ్చింది. "ఏందే, నా పేరు గూడా ఉందా అందులో?"

రోహిణి తెరని పక్కకి తోసి చూసింది. ఉంది. రెండో ఫోటో అత్తగారిదే. సీరియల్ యాపు పక్కన రాత్రి తొమ్మిదికి తాళం గుర్తు.

"ఉందత్తయ్యా."

"నా వయసెంతేశాడు?"

"ఎనిమిది."

"నీకంటే చిన్నదాన్నా!" అని గుండెల మీద చెయ్యేసుకుంది వీరరాఘవమ్మ. "ఒరేయ్ గిరీ, ఎనిమిదేళ్ళ పిల్లకి యాభై ఏళ్ళ గాడిద ఎట్టా పుట్టిందిరా? నీ ముడ్డి కడిగిన చేతులురా ఇవి! సీరియల్ ఆపితే ఆపావు, నేను ఈ పిల్లని అనరాని మాటలన్నీ అంటుంటే పక్కన కూర్చుని మజ్జిగ తాగావు గదరా!"

"రాత్రుళ్ళు కళ్ళు పోతాయని గదమ్మా..."

"నా కళ్ళు, నా ఇష్టం!"

శేషగిరిరావు నవ్వుతూనే చేతులు రెండూ పైకెత్తాడు, ఆటలో ఓడిపోయినట్టు. "సరే తల్లీ, సరే. సాయంత్రం తీరిగ్గా తీసేస్తా. ఇంత గోలెందుకు? ముందు నువ్వు అది మోగేట్టు చెయ్యి, రైతులు కాచుక్కూర్చున్నారు."

సాయంత్రం దాకా ఆగక్కర్లేదు. ఆ పేజీ అడుగున ఒక మీట ఉంది. అది నొక్కితే తనకి తొమ్మిదేళ్ళు పోయి నలభై మూడు వస్తాయి. నొక్కే ముందు పాస్‌వర్డ్ అడుగుతుంది. అదీ రోహిణికి తెలుసు; మొగుడి పాస్‌వర్డ్‌లన్నీ ఆవిడే పెట్టింది, ఆయన మర్చిపోయినప్పుడల్లా ఆవిడే చెప్పింది. బొటనవేలు మీట మీదకి పోయింది కూడా. అక్కడ ఆగింది. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో ఎవరు పాడుచేసిందైనా తనే బాగుచేసింది. మాడిన కుక్కర్, చిరిగిన చొక్కా, తెగిన చుట్టరికం, ఆగిన ఫోన్, అన్నీ. ఇదీ తనే గుట్టుగా బాగుచేసేస్తే, రేపు కొట్లో రైతుల ముందు ఈయన చెప్పే కథ ఏమిటి? "మా ఇంటిది ఊరికే గోల చేసి, తనే సర్దుకుందయ్యా" అంటాడు. అమ్మ గొంతు ఏ మీట నొక్కితే వస్తుంది? "తిన్నావా?" అన్న ఆ ఒక్క మాట, ఖాళీ చెయ్యమని ఈ మనిషే సలహా ఇచ్చిన ఆ మాట, ఏ చెత్తబుట్టలో వెతికితే దొరుకుతుంది? తెలిసి చెప్పాడే. మింగేది తనేనని తెలిసీ, జాగా చాలట్లేదు తీసెయ్ అన్నాడే!

రోహిణి ఫోన్‌ని ఆయన కంచం పక్కన పెట్టింది. నొక్కలేదు.

"ఇది ఫోన్‌కొచ్చిన రోగం కాదండీ. నాకు దీనికి వైద్యం రాదు. పెట్టినోళ్ళే తియ్యాలి" అంది. "ఆ చంద్రవంక బొమ్మ నొక్కితే మోగుద్ది. చెయ్యి కడుక్కుని నొక్కండి."

చారు గరిట గిన్నెలో వదిలేసి వంటింట్లోకి పోయింది. గట్టు మీద తన ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. కొంగుకున్న పిన్నీసు తీసి, మొనతో ఆ ఫోన్ పక్కనున్న చిన్న చిల్లిలో పొడిచింది. సిమ్ము కార్డు వేలి గోరంత బయటికొచ్చింది. దాన్ని రుమాల్లో ముడేసుకుంది. ఫోన్‌ని మాత్రం అక్కడే, ఉప్పు డబ్బా పక్కన, ఛార్జింగ్‌లోనే ఉంచింది. రెండు చీరలూ, సర్టిఫికెట్లూ, పెళ్ళికి ముందు రాసుకున్న నోట్సూ సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది.

"ఎక్కడికే?" అంది వీరరాఘవమ్మ.

"నరసరావుపేట, అత్తయ్యా. ఫాయిజా గదికి. పరీక్ష రాసి వస్తా."

"మోకాలి మాత్ర ఏ డబ్బాలో ఉంది?"

"పచ్చమూత దాంట్లో."

"సరే, పో. బస్సు రద్దీగా ఉంటది, సంచి వళ్ళో పెట్టుకో."

శేషగిరిరావు అప్పుడు ముద్దని కంచంలో వదిలేశాడు. "ఫోన్ ఇక్కడే వదిలేశావేందే?"

"ఫోన్ మీరు కొన్నది. సిమ్ము నా పేరు మీద నేను తీసుకున్నది. నాది నేను పట్టుకెళ్తున్నా."

"మరి రాత్రికి వంట?"

రోహిణి గుమ్మం వైపు నడిచింది. ఆయన ఎంగిలి చెయ్యి గాల్లో ఆడించాడు. "అసలు ఎవర్నడిగి బయల్దేరావు?"

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ రోహిణి ఒక్కసారి తలెత్తింది. కళ్ళలో నీళ్ళు లేవు. గొంతు కూడా పెంచలేదు.

"నేను అడగట్లేదండీ. చెబుతున్నా."

వీధిలో పిడుగురాళ్ళ మీదుగా నరసరావుపేట పోయే బస్సు హారన్ వినపడింది, ఆగింది, కదిలిపోయింది. శేషగిరిరావు చెయ్యి కడుక్కోకుండానే ఫోన్ తీశాడు, పటం తెరిచాడు, పప్పు అంటిన వేలితో దాన్ని పెద్దది చేసి చూశాడు. నీలం చుక్క వంటింట్లోనే ఉంది.