ఎవరూ గీయని గీత

లైబ్రరీ నుంచి ఫోన్ వచ్చేసరికి సెకర్ చేతుల నిండా కొబ్బరి కోరు. పిల్లలూ పెద్దలూ కలిసి పరాయి ప్రాంతాల నవలలు చదువుకునే ఆదివారం బృందాన్ని వచ్చే వారం నుంచి ఆమే నడపాలట! పెళ్ళయి నాలుగు నెలలు. జావా దీవిలో, సోలో నగరంలోని ఈ అత్తవారింటికి తన పేరు అడుగుతూ వచ్చిన మొదటి ఫోన్ అది. కొబ్బరి చేతులతోనే భర్త గలిహ్‌ని వాటేసుకుంది.

మొదటి నవల ఆ సాయంత్రమే కొనుక్కొచ్చింది. సుమత్రాలో మినాంగ్ వాళ్ళ కథ. అక్కడ ఇల్లు తల్లి నుంచి కూతురికి వస్తుంది, పెళ్ళికొడుకే భార్య ఇంటికి వెళ్తాడు.

"అయితే నేనూ మూట కట్టుకోవాలా?" అని నవ్వాడు గలిహ్. ముద్దొచ్చాడు. అంతలోనే, "ఆదివారం వంటెవరు చేస్తారు? అమ్మ ఒప్పుకోదులే. అయినా నువ్వు ఏ వాక్యం కింద గీత గీస్తావో చూస్తే చాలు, నీ మనసులో ఏముందో తెలిసిపోతుంది" అన్నాడు.

సరదాకే అన్నాడా? ఆ రోజు నుంచి సెకర్ పెన్సిల్ ముట్టలేదు. అయినా పేజీల మధ్య గుర్తుకి పెట్టిన బాతిక్ గుడ్డ పీలిక రోజుకో చోట కనిపిస్తోంది. స్నానం చేసి వచ్చేసరికి దిండు కింది పుస్తకం దిండు పక్కకి వస్తోంది. తన జడలో మల్లెమొగ్గ తురిమే మనిషి, తను లేనప్పుడు తన పుస్తకం సోదా చేస్తున్నాడా? "ఎన్ని పేజీలయ్యాయి?" అని అతను ప్రేమగా అడిగినా ఆరా తీసినట్టే ఉంది. అత్తగారు సుమర్ని "కథల్లో ఇళ్ళు చూసి మన పొయ్యి మరిచిపోకు" అంటే, ఇద్దరూ అనుకునే చేస్తున్నారేమో అనిపించింది. తను రాలేనని లైబ్రరీకి చెప్పేద్దామా అనుకుంది కూడా.

శనివారం పొద్దున పుస్తకం తెరిస్తే గీత! 'ఈ ఇంట్లో నన్నెవరూ బయటి పిల్ల అనరు' అన్న వాక్యం కింద. సెకర్ వేలితో తడిమింది. గోధుమరంగు, మెత్తగా, కాస్త జిడ్డుగా ఉంది. ఆ ఇంట్లో కనుబొమలు దిద్దుకునే పెన్సిల్ ఒక్కరికే ఉంది.

వంటింట్లో సుమర్ని సోయా గింజల టెంపే ముక్కలు వేయిస్తోంది.

"ఇబూ..." అంది సెకర్, అమ్మా అని పిలిచినట్టు.

ఆమె వెనక్కి తిరగలేదు. "ఆ ఊళ్ళో నిజంగానే అంతేనా, రాసినవాళ్ళ కల్పనా?"

"నిజమే ఇబూ."

"ముప్పై రెండేళ్ళయిందే నేనీ ఇంటికొచ్చి. మా ఆడపడుచు ఇప్పటికీ 'బయటి పిల్ల' అనే అంటుంది."

గలిహ్ తల తుడుచుకుంటూ వచ్చాడు. "అమ్మా, రేపు వంటేంటి?"

"నువ్వేం వండుకుంటే అదే," అంది సుమర్ని, ముక్కలు తిరగేస్తూ. "రేపు తొమ్మిదింటికి కోడలితో నేనూ లైబ్రరీకి వెళ్తున్నాను."