వెంట్రుకవాసి తేడా

నేను ఒక మూలమట్టాన్ని. వడ్రంగి షెడ్డులో మూల సరిగ్గా వచ్చిందో లేదో చెప్పడం నా ఉద్యోగం. ఇరుగుడు కొయ్య పిడి, దానికి అడ్డంగా జానెడు ఉక్కు రేకు, రెండింటినీ పట్టి ఉంచే మూడు ఇత్తడి మేకులు, ఇంతే నా ఒళ్లు. కోయడం రాదు, చెక్కడం రాదు. నా మాట నిజమైతేనే నాకు విలువ. అలాంటిదాన్ని ఏడాది పొడుగునా అబద్ధం చెప్పాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా దాచుకుని ఏం చేస్తాను, ఊళ్లో సగం మందికి తెలిసిన సంగతే.

నన్ను చేసింది మౌనేశ్వరాచారి గారు, నిడదవోలు రైలుగేటు పక్కన షెడ్డు నడిపిన పెద్ద మేస్త్రీ. విరిగిన రంపం రేకును ఆకురాయితో అరగదీసి నాకు పెట్టారు. పిడికి మూడుసార్లు అవిసె నూనె పట్టించి ఆరబెట్టారు. ఆ తర్వాత పరీక్ష. నున్నటి చెక్క అంచుకు నన్ను ఆనించి ఒక గీత గీశారు. నన్ను తిరగేసి అదే చోట మళ్లీ గీశారు. రెండోది మొదటిదాని మీదే పడి, చూసేవాళ్లకు ఒక్కటే గీత కనిపించింది. శిష్యుడు సోమలింగాచారిని పిలిచి చూపించారు.

"నెలకోసారి ఇలా తిరగేసి చూస్తూ ఉండు. నేను చేశాను కదా అని వదిలేయకు" అన్నారు.

పెద్దాయన పోయాక షెడ్డూ నేనూ సోమలింగాచారి చేతికి వచ్చాం. మొదటి ఏడాది నెలనెలా తిరగేసి చూశాడు. తర్వాత రెండు నెలలకోసారి అయింది. ఆ తర్వాత మానేశాడు. దానికి బదులు రోజూ పొద్దున్నే నన్ను కళ్లకు అద్దుకోవడం మొదలుపెట్టాడు. మనుషులతో ఇదే చిక్కు. ఒకసారి దండం పెట్టడం అలవాటైతే ఇక అనుమానించడానికి వాళ్లకు చేతులు రావు. నేనూ తక్కువదాన్ని కాదు, ఆ దండాలకు మురిసిపోయాను.

అలా మానేశాక వచ్చిన దసరాకు పనిముట్లన్నీ కడిగి పీట మీద పేర్చారు. ఉలికీ రంపానికీ చిన్న బొట్టు పెట్టి, గురువు గారి వస్తువునని నాకు మాత్రం పిడి నిండా తడి పసుపు మెత్తారు, పైన చందనం, ఆ పైన కుంకుమ. పూజ అయ్యాక మర్నాటి దాకా పనిముట్లు ముట్టుకోకూడదు కదా, తడి అలాగే లోపలికి దిగింది. కొయ్య ఉబ్బింది. ఆరి మళ్లీ బిగుసుకునేసరికి రేకు వెంట్రుకవాసి పక్కకు జరిగి అక్కడే నిలిచిపోయింది. నాకు ఆ క్షణమే తెలిసింది. నోరు లేదు, ఏం చేయను?

ఆ రోజుల్లోనే డాక్టర్ హైమావతి గారి కొత్త ఇంటికి పన్నెండు తలుపుల పని వచ్చింది. చెక్క బాధ్యత భూలోకం అనే ఆయనది. పందొమ్మిదేళ్లుగా ఆ షెడ్డులో చెక్క ఆరబెట్టే మనిషి. నేల తగలకుండా ఇటుకల మీద పలకలు పరిచేవాడు. వరసకీ వరసకీ మధ్య ఒకే మందం పట్టీలు, కింది పట్టీ మీదికే పై పట్టీ వచ్చేలా పెట్టేవాడు. కొనలు పగలకుండా మిగిలిపోయిన రంగు పూసేవాడు. అంగుళం మందానికి ఏడాది ఆరాలనేది ఆయన లెక్క. అంతా అయ్యాక పలకను చెంపకు ఆనించి, చల్లగా తగలకపోతేనే పనికి ఇచ్చేవాడు. భూలోకం ఆరబెట్టిన చెక్క అంటే కొవ్వూరు దాకా పేరు. ఆయనకు ఉన్నదల్లా ఆ పేరే.

తలుపులు బిగించిన రోజు చూడాలి నా పరువు! నా దగ్గర వెంట్రుకవాసి అయిన తేడా నిలువెత్తు తలుపు దగ్గరికి వచ్చేసరికి రెండు అగ్గిపుల్లలు దూరేంత సందయింది. పన్నెండు తలుపులదీ ఒకటే కథ. డాక్టరు గారు, ఆవిడ చుట్టాలు, పనివాళ్లు అందరూ చూస్తుండగా సోమలింగాచారి మొహం ఎర్రబడింది.

"చెక్క పచ్చిదండీ. నా కొలతల్లో తేడా ఉండదు. ఆరబెట్టింది భూలోకం, వాణ్ణే అడగండి" అన్నాడు.

భూలోకం ఒక తలుపుకు చెంప ఆనించి చూశాడు. "ఇది పచ్చి చెక్క కాదండి" అన్నాడు. ఎవరూ వినలేదు. పైపంచె భుజాన వేసుకుని వెళ్లిపోయాడు, మళ్లీ షెడ్డుకు రాలేదు. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆయనకు చెక్క అప్పజెప్పలేదని, కాలవ గట్టున ఊరికే కూర్చుంటున్నాడని షెడ్డులో చెప్పుకుంటుంటే విన్నాను. ఆయన మీద నింద పడినప్పుడు నేను సోమలింగాచారి నడుము దగ్గర సంచిలో భద్రంగా ఉన్నాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ సిగ్గు.

సోమలింగాచారి తర్వాతి పనులకు ఇంకోచోట నుంచి చెక్క తెప్పించాడు. తేడా పోలేదు. పాలిష్ ఒకవైపే వేస్తే పలక వంగుతుందని రెండు వైపులా పట్టించాడు. తేడా పోలేదు. కళ్లజోడు మార్చాడు, చిత్రిక మార్చాడు, ఆఖరికి షెడ్డు వాకిలికి నిమ్మకాయలు కూడా కట్టాడు. అన్నింటినీ అనుమానించాడు, నన్ను తప్ప. పొద్దున్నే కళ్లకు అద్దుకోవడం మాత్రం తప్పలేదు.

ఒక మధ్యాహ్నం నన్ను ఆనించి కుర్చీ కాలికి నాలుగు వైపులా గీత తిప్పుతున్నాడు. తిరిగి తిరిగి వచ్చిన గీత మొదలైన చోట కలవలేదు. చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత నన్ను ఒక పలక అంచుకు ఆనించి గీశాడు, తిరగేసి గీశాడు. కింద కలిసి ఉన్న గీతలు పైకి పోయేకొద్దీ విడిపోయాయి. ఆయన అక్కడే పొట్టు మీద కూలబడ్డాడు. అప్పుడు నన్ను పొయ్యిలో పెట్టినా బాగుండేదనిపించింది.

ఆ సాయంత్రమే పలకనూ నన్నూ తీసుకుని భూలోకం ఇంటికి వెళ్లాడు. భూలోకం ఆ రెండు గీతలు చూశాడు. కోప్పడలేదు.

"నాకు చూపించి ఏం లాభమండి? ఆ చెక్క పచ్చిది కాదని నాకు అప్పుడే తెలుసు. నలుగురిలో అన్నారు కదా, ఆ నలుగురికీ చూపించండి" అన్నాడు.

సోమలింగాచారి వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నా మేకులు బిగించి, రేకు అరగదీసి నన్ను దారికి తెచ్చాడు గానీ తన నోరు దారికి రావడానికి దసరా దాకా పట్టింది. ఆ పూజకు డాక్టరు గారిని, ఆవిడ చుట్టాలను, ఆనాటి పనివాళ్లను పేరుపేరునా పిలిచాడు. భూలోకాన్ని తానే వెళ్లి తీసుకొచ్చాడు. పీట మీద పనిముట్ల ముందు ఆ రెండు గీతల పలకను నిలబెట్టాడు.

"డాక్టరు గారూ, మీ తలుపుల్లో తప్పు చెక్కది కాదండి. నా మూలమట్టానిది, దాన్ని చూసుకోని నాది. భూలోకం గారు ఆరబెట్టిన చెక్కలో చుక్క తేమ లేదు. ఆ తలుపులు మళ్లీ చేసిస్తాను, చెక్క ఆయనే ఆరబెడతారు" అన్నాడు. ఆయన నోట భూలోకం పేరు పక్కన 'గారు' నేను వినడం అదే మొదలు.

సోమలింగాచారి తడి పసుపు తీసుకుని, అలవాటు ప్రకారం నా వైపే వంగాడు. భూలోకం చెయ్యి అడ్డం పెట్టాడు.

"దానికి తడి వద్దండి. పొడి కుంకుమ చాలు."

నన్ను చేతిలోకి తీసుకుని, కడిగినప్పటి చెమ్మంతా పైపంచెతో తుడిచాడు. పిడికీ రేకుకూ మధ్య సందులో కూడా గుడ్డ కొన పెట్టి ఓపిగ్గా తుడిచాడు. పీట పక్కనున్న చెక్కకు ఆనించి గీశాడు, తిరగేసి గీశాడు. ఒక్కటే గీత. తల ఊపి, నన్ను ఎత్తి కళ్లకు అద్దుకున్నాడు.

ఆ కళ్లను తాకడానికి నాకు ముఖం చెల్లలేదు.