లెక్కలో లేని చుట్ట ముక్క

ముందే చెబుతున్నాను, నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఈ కాస్తా రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

మా పేటలో ఆడవాళ్లం చుట్టని నిప్పు లోపలికి పెట్టుకుని కాలుస్తాం. సముద్రపు గాలికి ఆరదు, నెత్తిన చేపల తట్ట ఉన్నా చేతులతో పనిలేదు. మా ఆయన పోయాక నాకు తోడు అదే. 2003లో ఆ తోడే నా అంగిట్లో పుండై కూర్చుంది. క్యాన్సరన్నారు, కరెంటు పెట్టాలన్నారు, అదే, రేడియేషను.

"మళ్లీ చుట్ట ముట్టుకున్నావో, నా ఆసుపత్రి గుమ్మం ఎక్కొద్దు" అన్నారు పెద్ద డాక్టరు గారు. సింహాచలం అప్పన్న మీద ఒట్టేశాను.

ముందు స్కానింగు తీశారు. కదలకుండా పడుకోమన్నారు. నోట్లో ఏదీ లేకపోతే నా దవడ ఊరుకోదు. అందుకని వెలిగించని చుట్ట ముక్క ఒకటి అంగిటికి నొక్కి పెట్టుకున్నాను. కట్టుడు పళ్లున్నాయా అని అడిగారు గానీ చుట్ట ఉందా అని అడగలేదు. వెలిగించలేదు కాబట్టి ఒట్టు కూడా తప్పలేదు.

మర్నాడు శ్రీవల్లి పిలిచింది. కరెంటు ఎంత పెట్టాలో లెక్క కట్టే అమ్మాయి. వాళ్ల నాన్నది గోదావరి జిల్లా, స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. నా కూతురు దుర్గ కూడా నాతో వచ్చింది. కంప్యూటరులో నా తలకాయ బొమ్మ చూపించింది శ్రీవల్లి.

"తెల్లగా ఉన్నది ఎముక మామ్మా. బూడిద రంగుది కండ, నల్లటిది గాలి. మరి ఈ మబ్బు ముక్కేంటి?"

"కండేనేమో."

"సరే, కండగానే లెక్క వేసేస్తాను. కానీ కిరణం గాలిలో సులువుగా పోతుంది, కండలో కొంత అలుస్తుంది, ఎముకలో ఇంకా అలుస్తుంది."

"తట్టెత్తుకుని తారు రోడ్డు మీద నడిసినట్టు, తడి ఇసకలో నడిసినట్టు."

"అచ్చం అంతే! దారిలో ఏముందో చూసే నేను మోతాదు కడతాను. ఈ ముక్క రేపు అక్కడ లేదనుకో, లెక్క తప్పుతుంది. పుండుకి చాలకపోవచ్చు, మంచిచోట కాలిపోవచ్చు. ఇప్పుడు చెప్పు, ఇది తారా, ఇసకా?"

చెబితే గెంటేస్తారు. చెప్పకపోతే పుండు మిగులుతుంది. చుట్ట సంగతి దుర్గకి తెలుసు.

"సెప్పీ అమ్మా," అంది దుర్గ. "నువ్వు సెప్పకపోతే నాను సెప్పేత్తాను."

"సుట్టమ్మా," అన్నాను. "ఎలిగించనేదు. అప్పన్న తోడు. నన్ను పంపేత్తారేటి?"

శ్రీవల్లి కుర్చీలో వెనక్కి వాలి పడీ పడీ నవ్వింది. "దొంగని పట్టుకోమంటే దొంగనే కాపలా పెట్టావా మామ్మా! పంపరులే. మళ్లీ స్కానింగు తీయిస్తాను. డాక్టరు గారి తిట్లు మాత్రం నువ్వే తినాలి."

"ఆ తిట్లు కూడా లెక్కలో ఎయ్యమ్మా."

తిట్లు బాగానే తిన్నాను. తర్వాత నా పళ్లకి సరిపోయేలా మైనం ముక్క ఒకటి చేయించి తెచ్చింది శ్రీవల్లి. "నీ దవడ ఊరుకోదుగా, ఇది కరిచి పట్టుకో. రోజూ ఇదే, ఇలాగే. దీన్ని లెక్కలో వేశాను."

దాన్ని కరుచుకునే మళ్లీ స్కానింగు తీయించుకున్నాను. ముప్పై మూడు రోజులు కరెంటు పెట్టించుకున్నాను. రోజూ బల్ల ఎక్కే ముందు, "నోరు తెరువు మామ్మా, సరుకు తనిఖీ" అనేది. పుండు మానింది. మైనం ముక్క దాచే డబ్బా మీద శ్రీవల్లి నా పేరు రాసి అంటించింది. నేను మొదట దిద్దుకున్న అక్షరాలు అవే.

గంగాలమ్మ, అరవై ఏడేళ్లు, పెదజాలారిపేట, విశాఖపట్నం.