మడీ, నడుం బెల్టూ

సీతారామలక్ష్మి గారికి మోకాలి ఆపరేషనై నెల దాటింది. రాజమండ్రిలో కొడుకు వేంకటరమణ ఇంట్లోనే విశ్రాంతి. ఇంట్లో అటూ ఇటూ నడవాలి గానీ, పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదని డాక్టరు మణిశంకర్ గట్టిగా చెప్పాడు. ఆవిడ వింటేగా! తెల్లారకుండానే స్నానం చేసి, మడి కట్టుకుని, అందరూ లేచేసరికి వంట ముగించి, ఏమీ ఎరగనట్టు మంచమెక్కేసేది. ఈ గుట్టులో కోడలు ఉమాశ్రీకీ వాటా ఉంది. ఉమాశ్రీది బ్యాంకు ఉద్యోగం; పొద్దున్నే లేవాలంటే ప్రాణం మీదికొస్తుంది. అత్తగారి పుణ్యమా అని కంద బచ్చలి కూర తన పేరున వడ్డించి మార్కులు కొట్టేస్తోంది. "ఉమా, అద్భుతంగా చేశావే!" అని వేంకటరమణ లొట్టలేస్తుంటే, పక్క గదిలో అత్తగారు మురిసి ముక్కలయ్యేది.

ఇంతలో డాక్టరు ఒక తోలు బెల్టు ఇచ్చాడు. దానికి అగ్గిపెట్టంత సెన్సరు. ఊళ్ళో అప్పటికి ఎవరూ చూసి ఎరగరు. నడుముకి కట్టుకుంటే మనిషి ఎంత నడిచిందీ, ఎలా నడిచిందీ కంప్యూటర్లో గీతలై వస్తుందట. వారం తర్వాత కొడుకూ కోడలూ ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళితే, ఆ గీతలు చూసి డాక్టరు మొహం వేలాడేశాడు.

"ఇదేంటండీ మామ్మగారూ, పొద్దుటంతా అసలు కదలికే లేదు! కాలు బిగుసుకుపోతోందన్నమాట. సోమవారం మత్తిచ్చి మోకాలు వంచాల్సిందే."

ఆవిడకి అసలు సంగతి తెలుసు. పొద్దున వంటవేళ ఆ బెల్టు తన ఒంటి మీద లేదు మరి. ఆ ముక్క చెబితే గండం గడుస్తుంది. కానీ మొగుడి ముందు, డాక్టరు ముందు కోడలి పరువేం కాను? అమ్మో, అంతకంటే సూదే నయం! "సరే బాబూ, వంచండి" అంది.

"ఆగండి డాక్టరు గారూ!" ఉమాశ్రీ లేచి నిలబడింది. "కదలకపోవడమేంటండీ? రోజూ వంటంతా ఆవిడే చేస్తున్నారు. నేను చేశానని చెప్పుకుంటున్నాను. తప్పు నాదేనండీ."

"మరి గీత రాలేదేం?"

"మడి కదా బాబూ!" అంది సీతారామలక్ష్మి. "తోలు బెల్టు కట్టుకుని దేవుడికి వండుతానా? చోద్యం కాకపోతే! మంచమెక్కాకే కట్టుకునేదాన్ని."

డాక్టరు పగలబడి నవ్వాడు. అక్కడికక్కడే బెల్టు కట్టి, వరండా అంతా నడిపించి, గీతలు చూశాడు. మత్తూ వద్దు, వంచడమూ వద్దన్నాడు. "సెన్సరుని పట్టు సంచిలో కుట్టిస్తానండి. మడికి పనికొస్తుందా?"

"పట్టయితే దివ్యంగా!"

బయటికొచ్చాక ఉమాశ్రీ భయం భయంగా అడిగింది. "కోపమొచ్చిందా అండీ?"

"ఎందుకూ? అది అమ్మ వంటేనని మొదటి ముద్దకే తెలిసిపోయింది" అన్నాడు వేంకటరమణ.

"తెలిసీ దీన్ని మెచ్చుకున్నావేంట్రా, వెధవా?"

"నిన్ను మెచ్చుకుంటే వంట మాన్పించాలి కదమ్మా. అందుకే పక్క గదిలో నీకు వినపడేలా గట్టిగా అనేవాణ్ణి."

అవసరం లేకపోయినా, ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకునే ఆసుపత్రి మెట్లు దిగింది.