ఎర్రదారం ముడి పడ్డాక

పొడవాటి బల్ల మీద పరిచిన గుడ్డని మడతమ్మ అరచేత్తో నిమురుకుంటూ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది. అంత గుడ్డలో ఎక్కడో ఒకచోట ముడత దాక్కునే ఉంటుంది. దాన్ని వేలితో బయటికి లాగి, చదునుకర్రతో నొక్కి, మడత జారకుండా మీద ఒక చిన్న ఇసుక సంచి పెట్టింది. విమానంలోంచి దూకేవాళ్ళ వీపున ఉండే ప్యారాచూట్లని మడిచి సంచుల్లో సర్దడం ఆవిడ పని. ఆ గదిలో అందరూ వాటిని గొడుగులనే అంటారు. ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తెలిసి ఉండాలి. మిగతా అందరికీ మడతమ్మే.

ఆ పేరు ఊరికే రాలేదు. బస్సు టిక్కెట్టు చేతికిస్తే దిగేలోపు దాన్ని గోరంత చేసేస్తుంది. ఇంట్లో మసిగుడ్డ కూడా అంచుకి అంచు కలిపి మడిచి ఉంటుంది. "కాస్త కదలకుండా కూర్చుంటే నన్నూ మడిచి బీరువాలో పెట్టేస్తుంది" అని భర్త బతికున్న రోజుల్లో ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. సన్నటి మనిషి, నడుము కొంచెం వంగింది. బొటనవేళ్ళు మాత్రం మొద్దుబారి, కాయలు కాచి ఉంటాయి.

"పెద్దమ్మా, ఒక మాట." సూపర్‌వైజర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇవాళ మీ మనవరాలు మొదటిసారి దూకుతోంది కదా. ఆ పిల్లకి వచ్చింది నువ్వు నిన్న మడిచిన గొడుగే."

మడతమ్మ చేయి ఆగిపోయింది. తల్లి పోయాక ఒళ్ళో వేసుకుని పెంచిన పిల్ల అది. అడవుల్లో మంటలార్పడానికి ఆకాశంలోంచి దూకే దళంలో చేరతానన్నప్పుడు చుట్టాలందరూ వద్దన్నారు. ఈవిడ ఒక్కతే నోరు మెదపలేదు. మెదిపితే ఏడుపు తప్ప మాట రాదని భయం.

అతను అరలోంచి ఆ సంచి తీసి బల్ల మీద పెట్టాడు. మూత మీద ఎర్రదారం, దానికి ముడి. ఆ ముడి పడిందంటే ఇక దూకేవాళ్ళ వీపున తప్ప ఆ సంచి విచ్చుకోకూడదు. 

"కావాలంటే విప్పి మళ్ళీ మడుచుకో. ఇంకా టైముంది. నేను చూడనట్టే ఉంటా."

దారం తెంపడానికి గోరు చాలు. మడతమ్మ సంచి మీదికి వంగింది. నిన్న ఇది మడిచేటప్పుడు తను ఏం ఆలోచిస్తోంది? తాళ్ళు వరసగా వచ్చాయా? ఎంత గుర్తు చేసుకున్నా నిన్నటి గొడుగూ మొన్నటి గొడుగూ ఒక్కలాగే కనిపిస్తున్నాయి. చేయి దానంతటదే దారం దాకా వెళ్ళింది.

పనిలో చేరిన కొత్తలో రోజూ ఇదే బాధ. ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. దేవుడి ముందు నిలబడి పనులు పురమాయించేది. గాలి అటు కాదు, ఇటు వీయించు. ఆ పక్క తాడు చిక్కుపడకుండా చూడు. పొడుగాయన బరువెక్కువ, ఆయన్ని కాస్త మెల్లగా దించు. తన చేతి కింద దేవుడికి ఉద్యోగం ఇచ్చినట్టే ఉండేది ఆ వరస. అయినా నమ్మకం చాలక, తెల్లారగానే పరుగున వచ్చి, అప్పటి సూపర్‌వైజర్ని బతిమాలి ముడి విప్పించుకుని, మళ్ళీ మడిచేది. 

ఒకరోజు అలా తిరగమడిచిన సంచిని ఆ పెద్దాయన ఎత్తి చూసి, బరువు తేడాగా ఉందని విప్పాడు. మడతల మధ్యలో ఆవిడ ఇసుక సంచి కనిపించింది. కంగారులో తీయడం మరిచిపోయింది. అది అలాగే వెళ్ళుంటే ఒక మనిషి ఇంటికి తిరిగి వచ్చేవాడు కాదు.

ఆయన కేకలు వేయలేదు. "మొదట మడిచింది బాగానే ఉందమ్మా. భయపడి నువ్వే చెడగొట్టావు" అన్నాడంతే.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి చేతిరుమాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, మొట్టమొదటిసారి దేవుడికి ఏ పనీ చెప్పలేదు. "నా వల్ల కావట్లేదు. నా చేతిలో ఉన్నంతసేపూ నేను చూస్తా. ముడి పడ్డాక నువ్వు చూసుకో" అంది. ఆ రోజు కడుపునిండా తిని పడుకుంది. 

అలాగని పని తేలిక చేసుకోలేదు. ముడి వేసే ముందు ఇసుక సంచులన్నీ కళ్ళెదుట పేర్చుకుంటుంది. ప్రతి తాడూ రెండోసారి తడుముతుంది. అప్పుడు ముడి బిగించి, దాని మీద అరచేయి ఆనించి, "ఇక నీది" అంటుంది. పక్క బల్లల వాళ్ళకి అదొక గొణుగుడు. అంత బరువుని అంత చిన్న మాటతో దించుకోవడం మనలో ఎంతమందికి చేతనవుతుంది! ఆవిడకి చేతనయింది, అదీ ఏళ్ళ తరబడి.

నిన్న కూడా ఆ మాట అనే ఉంటుంది. అనకుండా సంచిని అరలో పెట్టిన రోజు లేదు.

మడతమ్మ చేయి వెనక్కి తీసుకుంది. "వద్దులే నాయనా, పట్టుకెళ్ళు."

"నీ మనవరాలు పెద్దమ్మా!"

"మరి రోజూ మడిచేవి ఎవరి పిల్లలకనుకున్నావు? అప్పజెప్పేశాను కదా, మళ్ళీ లాక్కుంటే ఏం బాగుంటుంది?"

అతను సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

విమానం లేచిన చప్పుడుకి కిటికీ అద్దాలు అదిరాయి. గదిలో వాళ్ళంతా పని వదిలేసి కిటికీకి అతుక్కుపోయారు. మడతమ్మ వెళ్ళలేదు. చేతులు వణుకుతున్నాయి. నమ్మినంత మాత్రాన వణుకు పోతుందా? వణికే చేతులతో ఇంకొకరి గొడుగు ముట్టుకోవడం ఇష్టం లేక, రెండు అరచేతులూ బల్ల మీద బోర్లా పెట్టి, కళ్ళు మూసుకుని, "నీది, నీది" అనుకుంటూ కూర్చుంది.

"విచ్చుకుంది!" కిటికీ దగ్గర ఎవరో అరిచారు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, లేచి, ఆపిన మడత దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది.

కాసేపటికి మనవరాలు పరుగెత్తుకుంటూ వచ్చింది. జుట్టంతా రేగిపోయింది, మోకాళ్ళ నిండా గడ్డి. "అమ్మమ్మా! చూశావా నన్ను?"

"లేదే. పనుంది."

"నువ్వసలు మనిషివేనా?" అంటూ మెడ చుట్టూ చేతులు వేసింది. మడతమ్మ ఆ పిల్ల మోకాలి మీది గడ్డిపోచ తీసి, అలవాటు చొప్పున మడిచింది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆ రోజు గొడుగు పూర్తిచేసి, ముడి బిగించి, అరచేయి ఆనించి, తన మాట తను అనేసి, సంచిని అరలో పెట్టింది. ఇంటికెళ్ళి మనవరాలితో కలిసి తిన్నది. పడుకుంది. తెల్లారి లేవలేదు. మనవరాలు వెళ్ళి చూసేసరికి, కప్పుకున్న దుప్పటి కూడా చెదరలేదు.

ఆ ఆఖరి సంచిని సూపర్‌వైజర్ దాచిపెడతాడని గదిలో అందరూ అనుకున్నారు. అతను కాసేపు దాన్ని పట్టుకుని నిలబడి, వరస వచ్చినప్పుడు మామూలుగానే పంపించాడు. ఎవరో కుర్రాడు, మడతమ్మ ముఖం ఎన్నడూ చూడనివాడు, దానితో దూకాడు. క్షేమంగా దిగాడు. చేతినిండా గుడ్డ పోగుచేసుకుని వచ్చి, ఖాళీగా ఉన్న బల్ల మీద పడేసి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆవిడ బల్ల మీద ఆ గొడుగు కుప్పగా పడి ఉంది, అంచులకి నాలుగు గడ్డిపోచలు అంటుకుని, ఒక్క మడతైనా మిగలకుండా.