పెంగ్విన్ తల గీసిన గీత

పక్కవాటా ఆవిడ కుట్టుపనావిడతో అందట. కుట్టుపనావిడ దిండు గలీబులు ఇవ్వడానికొచ్చి, గుమ్మంలో నిలబడే ఆ మాటని అత్తగారి చెవిన వేసింది.

"మీ కోడలు ఫ్రిజ్‌లో పక్షి తలకాయ దాచిపెట్టిందటగా! మీ అబ్బాయి చల్లటి నీళ్ళకని తలుపు తీసి, దాన్ని చూసి జడుసుకుని, రెండ్రోజులు జ్వరంతో మంచం దిగలేదటగా! బడిపిల్లలకి పాఠాలు చెప్పుకునే మనిషికి ఇదేం చోద్యమమ్మా?"

అత్తగారు మోకాళ్ళ మీద అరచేతులు ఆనించుకుని, కాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. "తలకాయ మాట నిజమే. మావాడు లేచి ఫ్రిజ్ తలుపు తీశాడన్నది మాత్రం అబద్ధం."

వంటింట్లో గిన్నెలు తోముతున్న కోడలికి, అదే బళ్ళో సైన్సు మేడంకి, నవ్వాగలేదు. చేతిలో గిన్నె జారి ఠంగుమంది. "ఏం పడింది?" అని ముందుగదిలోంచి భర్త అడిగాడు. లేచి రాలేదు, అడిగాడంతే.

తలకాయ సంగతేమిటంటే, బళ్ళో ఆమె దగ్గర పదకొండుమంది పిల్లలు కలిసి ఒక బండి తయారుచేశారు. ఆరు చక్రాలు, రేకుపెట్టె ఒళ్ళు, దానిమీద పొడుగాటి మెడ, మెడ చివర చలిని కొలిచి రాసుకునే చిన్న పరికరం. పేరు పెంగ్విన్. భూగోళానికి ఆ కొసన, నెలల తరబడి సూర్యుడు మొహం చూపించని మంచు మైదానంలో, మనిషి నిలవలేని చోట ఇలాంటి యంత్రాలు తమ పాటికి తాము చలెంతో, మంచెంతో రాసుకుంటూ ఉంటాయి. మరి పెంగ్విన్ చలికి తట్టుకుంటుందా? చూడాలంటే ముందు చలి కావాలి. బళ్ళో ఫ్రిజ్ లేదు. అందుకని దాని ఒళ్ళు బళ్ళోనే ఉండిపోయింది, తల మాత్రం ఊడి మేడం ఇంట్లో పాతకాలపు ఒంటితలుపు ఫ్రిజ్‌లో, ఐసు అరలోకి కాపురానికొచ్చింది. అక్కడుండే అత్తగారి మోకాళ్ళ ఐసు సంచి ఒక పక్కకి ఒదిగింది. "నా మోకాళ్ళకన్నా నీ పక్షి ఎక్కువైపోయిందటే?" అని మొదటిరోజు మూతి ముడుచుకున్న ఆవిడే, మూడోనాటికి ఫోనులో చెల్లెలితో "మా పెంగ్విన్ తల" అని గొప్పలు పోయింది. పక్కవాటాకీ వీళ్ళకీ మధ్య గోడ పల్చన. పక్షి అలా వీధెక్కింది.

ఇదంతా మొదలైంది రెండేళ్ళ కిందట. ఆఖరి గంట కొట్టాక, మెట్లకింద విరిగిన బల్లలు పడేసే గదిని మేడం తనే ఊడ్చుకుని, ఉండేవాళ్ళు ఉండండర్రా అంది. కోడింగ్ అనగానే పిల్లలు బిక్కమొహాలు వేశారు. అందుకని మొదటిరోజు కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. ఏది చెప్పినా "ఎందుకండి?" అని అడుగుతుందని బడంతా 'ఎందుకండి' అని పిలిచే పిల్లొకతె ఉంది. దాని కళ్ళకి గుడ్డ కట్టి, "ఇది యంత్రం. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, చెప్పంది చెయ్యదు. తలుపుదాకా నడిపించండి చూద్దాం" అంది. "ముందుకి నడువే" అని అరిచారు పిల్లలు. ఎన్నడుగులో చెప్పలేదు. పిల్ల నడిచి నడిచి బీరువాకి గుద్దుకుని, అక్కడే నిలబడి కాళ్ళాడిస్తూ ఉంది. "ఆగమని ఎవరూ చెప్పలేదు కదండి మరి!" అంది గుడ్డ కిందనుంచి. గది గదంతా పడీపడీ నవ్వింది. ఎక్కడ ఆగాలో చెప్పని పని ఎప్పటికీ ఆగదు అని బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆమె చెయ్యి నిలిచిపోయింది. ఇంట్లో తనకోసం కాచుక్కూర్చున్న పనులన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి. వాటిలో ఒక్కదానికైనా ఎవరైనా "చాల్లే, ఇక ఆపు" అన్నారా? ఏమో, గుర్తులేదు. బోర్డు తుడిచేసి ఇంటికి పరిగెత్తింది, పాలవాడు వచ్చే వేళయిందని.

ఆ గది మీద రాళ్ళు బాగానే పడ్డాయి. "మొక్కలూ ఆకులూ చక్కగా చెప్తున్నారు కదమ్మా, ఈ చక్రాల గొడవ మీకెందుకు?" అన్నాడు హెడ్మాస్టరు. గొడవ కాస్తా పేరు తెచ్చాక గదికి బోర్డు పెట్టించి, దానిమీద బాధ్యులు అన్నచోట కంప్యూటర్ సారు పేరు రాయించాడు. పేరులోనే కంప్యూటరుంది కదా మరి! భర్తయితే ఎవరింటికెళ్ళినా, "మా ఆవిడకి ఓపికెక్కువండీ" అని మురిసిపోతాడు. తమ ఇంట్లో ఆమెకి సాయానికి బదులుగా దొరికేది ఆ మాటే. చెడ్డవాడేం కాదు. గొంతు పెంచడు, పేకముక్క ముట్టడు. కంచం ముందు కూర్చుంటే అన్నం రావడమన్నది ఆయన దృష్టిలో తెల్లారడం లాంటిది. దాని వెనక ఒక మనిషి నిలబడి ఉంటుందని తోచదంతే.

పెంగ్విన్ వివరాలు రాసి పంపితే, ఈమధ్య ఒక ధ్రువ పరిశోధనా కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. ఐదుగురు పిల్లలూ, వాళ్ళకి నేర్పినవాళ్ళూ పెంగ్విన్‌ని తీసుకుని నాలుగు రోజులు రావాలి. అక్కడ మన బడి హాలంత మంచుగది ఉంది, అందులో నడిపి చూస్తారు. నెగ్గిన బండి ఓడెక్కి ధ్రువానికి పోతుంది. ఆ ఉత్తరం ఆమె ఎన్నిసార్లు చదివిందో! చిన్నప్పుడు పొలంగట్టు మీద కూర్చుని, పుస్తకంలో భూగోళం అడుగున తెల్లగా వదిలేసిన చోటుని వేలితో తడుముతూ, "ఇక్కడేముంటుంది నాన్నా?" అని అడిగేది. "ఏముండదు తల్లీ. అందుకేగా రంగెయ్యలేదు" అనేవాడాయన. ఆ జవాబు ఆమెకి అప్పుడూ నచ్చలేదు.

ఆ సాయంత్రమే హెడ్మాస్టరు ఫోను చేశాడు. ఆమె చేతులకి సబ్బు. భర్త తీశాడు. రెండు నిమిషాలు మాట్లాడి వంటింటి గుమ్మం దాకా వచ్చి, "నాలుగ్రోజులంటే కుదరదని నేనే చెప్పేశాన్లే. నువ్వయితే మొహమాటపడతావని" అన్నాడు. మొహంలో మంచిపని చేసిన వెలుగు. మర్నాడు హెడ్మాస్టరు, "మీవారు చెప్పారమ్మా, నేనూ అదే అనుకున్నా. కంప్యూటర్ సారు వెళ్తాడు" అన్నాడు. కంప్యూటర్ సారు మధ్యాహ్నం మెట్లకింద గదికొచ్చి, పెంగ్విన్ చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసి, "బ్యాటరీ ఎటువైపు పెడతారండీ?" అని అడిగి, గొంతు తగ్గించి, "నాకసలు చలి పడదండీ. ఫ్యాను రెండు మీద పెడితేనే తుమ్ములు" అని వాపోయాడు. పాపం, ఆయన్నేమంటాం? "నేను వెళ్తాను" అన్న మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. రోజూ మింగే మాటల వెనకాలే అదీ దిగిపోయింది.

అదలా ఉండగా, బండితోపాటు వారం రోజుల చలి లెక్క కూడా పట్టుకురావాలని ఉత్తరంలో రాశారు. పెంగ్విన్ తల ఫ్రిజ్‌లో కూర్చుని నిమిషానికోసారి చలి ఎంతుందో రాసుకుంటుంది, దాన్ని కంప్యూటర్‌కి తగిలిస్తే గీతగా వస్తుంది. గీత తిన్నగా, చెరువు నీళ్ళలా ఉండాలి. వచ్చిన గీత మాత్రం పందికొక్కులు తవ్విన గట్టులా ఉంది. ఎక్కడ చూసినా గుంతలూ దిబ్బలే. పిల్లలు వైరు మార్చారు. కోడ్ మొదట్నుంచీ మళ్ళీ రాశారు. రెండోవారం కూడా అదే పందికొక్కు. ప్రయాణం దగ్గరపడుతుంటే ఒకరిమీద ఒకరు విరుచుకుపడ్డారు, ఇద్దరు మాటలు మానేశారు. 'ఎందుకండి' మాత్రం ఆ పొడుగాటి కాయితాన్ని నేలమీద పరుచుకుని, బోర్లా పడుకుని, రెండ్రోజులు పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంది.

"మేడం, మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు రోజుకెన్నిసార్లు తీస్తారండి?"

"ఎన్నిసార్లేమిటే! ఓ నాలుగైదు."

"ఆదివారం ముప్పయ్యెనిమిదండి."

"ఛ!"

"దిబ్బ లేచిందంటే తలుపు తీసినట్టేనండి. పొద్దున ఐదింటికి మొదలండి. మీరు బడికొచ్చాక ఒక్కటీ లేదండి, మళ్ళీ మీరు ఇంటికెళ్ళాకేనండి. శనివారం మీ ఇంట్లో సార్‌కి సెలవన్నారు కదండి?"

"అవును. ఇంట్లోనే ఉన్నారు."

"మీరు బళ్ళో ఉన్నారండి. చూడండి, ఎంత నున్నగా ఉందో!" పిల్ల లేచి గౌను దులుపుకుంది. "వైరు మంచిదేనండి. కోడూ మంచిదేనండి. తప్పు మీదేనండి మేడం. మీరు ఇంట్లో లేకపోతే పెంగ్విన్‌కి బావుంటుందండి."

ఆమె కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. పిల్లలూ నవ్వారు, మాటలు మానేసిన ఇద్దరూ కూడా. నవ్వు సద్దుమణిగాక, వంగి ఆ కాయితాన్ని చూసింది. ఈ ఐదింటి దిబ్బ పాలకి. పక్కపక్కన ఉన్న రెండూ తనకీ భర్తకీ కేరేజీలకి. ఇది మధ్యాహ్నానికి జగ్గులో నీళ్ళు నింపి బల్లమీద పెట్టడానికి, ఇంట్లో ఉన్నవాళ్ళు లేవక్కర్లేకుండా. ఇది అత్తగారి ఐసు సంచికి, ఇది భర్త పండ్లరసంలో ఐసు ముక్కలకి, ఇది ముక్కలు చాలలేదంటే ఇంకో రెండిటికి. తన చేతిరాతలాగా ఒక్కొక్కటీ పోల్చుకోగలిగింది. పదిహేడేళ్ళ కాపురంలో ఏ మనిషికీ కనపడనిదాన్ని, ఒళ్ళులేని ఓ తలకాయ చీకట్లో కూర్చుని నిమిషం నిమిషం రాసిపెట్టింది. కళ్ళు తుడుచుకుంటే మళ్ళీ నవ్వొచ్చింది. ఈసారి నవ్వు వేరు. రెండేళ్ళుగా పిల్లలకి చెబుతున్న పాఠమే: ఆగమని చెప్పాల్సింది యంత్రం కాదు, దాన్ని నడిపేవాళ్ళు. తనని నడిపేదెవరు? తను కాకపోతే ఇంకెవరు!

ప్రయాణానికి ముందు శనివారం, బళ్ళో తల్లిదండ్రులకి పెంగ్విన్‌ని చూపించే రోజు. "నా ఫ్రిజ్‌లో పెరిగిన పక్షిని నేను చూడొద్దూ?" అని అత్తగారు పట్టుబడితే భర్త స్కూటరు మీద తీసుకొచ్చాడు. చేపల మార్కెట్టు నుంచి తెచ్చిన ఐసు దిమ్మలు హాలు మధ్య రేకుల మీద పరిచారు. తలా ఒళ్ళూ ఒకటైన పెంగ్విన్ వాటిమీద టకటకా నడిచి, అంచు రాగానే ఠక్కున ఆగి, మెడ వంచి ఐసుని ముట్టుకుంది. హాలు చప్పట్లతో మోగింది. పక్కవాటా ఆవిడ అందరికన్నా ముందు వరసలో ఉంది, పక్షి తల రేకుదని తేలి మొహం కాస్త చిన్నబోయింది.

తిన్నగా ఉన్న గీతల ముక్కలు మాత్రమే గోడకి అంటించమని మేడం చెప్పింది. 'ఎందుకండి'కి అలా ముక్కలు చెయ్యడమెందుకో అర్థంకాక, వారం మొత్తాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి వేలాడదీసింది. అత్తగారు పిల్ల చెయ్యి పట్టుకుని గోడ వెంట మెల్లగా నడుస్తూ, ఇదేమిటి, అదేమిటి అని దిబ్బ దిబ్బకీ ఆగి అడుగుతోంది. "ఫ్రిజ్ తలుపు తీసినప్పుడండి" అని పిల్ల ప్రతిదానికీ వేళతో సహా చెబుతోంది.

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "సోమవారం మన కంప్యూటర్ సారు పిల్లల్ని తీసుకుని..."

"సార్, నేను వెళ్తాను" అంది ఆమె.

"మీవారు కుదరదన్నారు కదమ్మా?"

"ఆయన సంగతి చెప్పుంటారండి. నాకు కుదురుతుంది."

కంప్యూటర్ సారు మెళ్ళో అప్పుడే చుట్టుకున్న మఫ్లరు చటుక్కున తీసి జేబులో పెట్టేసుకున్నాడు. నలుగురూ భర్త వైపు చూశారు. ఆయన నవ్వబోయి, చెమట తుడుచుకుని, "అది కాదండీ, వెళ్ళొద్దని ఎవరన్నారు? కానీ నాలుగ్రోజులు... అమ్మకా మోకాళ్ళు. తిండీ, నీళ్ళూ, ఐసూ... ఇల్లెలా జరుగుతుంది చెప్పండి? అమ్మా, నువ్వు చెప్పవే" అన్నాడు.

అత్తగారు ఆదివారం దగ్గర ఆగి ఉంది. ఒక దిబ్బ మీద వేలు పెట్టి, "ఇది నా ఐసు సంచి" అంది తనలో తాను. వేలు పక్కకి జరిగింది. "ఇదీ నాదే." ఇంకా జరిగి, ఇంకా జరిగి, గీత పొడుగునా పాకి, కాయితం అంచు దగ్గర నిలిచింది. "నా రోజుల్లో ఇలాంటి పక్షి లేకపోయింది" అంది పిల్లతో. తర్వాత మెల్లగా కొడుకు వైపు తిరిగింది.

"ఆ తలుపుకి తాళమేం లేదు కదరా. చెయ్యి పెట్టి లాగితే వచ్చేస్తుంది."