ఒకే కోటు, ఇద్దరు హీరోలు

మ్యూనిక్ స్టూడియోలో ఆ ప్రేమకథను రెండు భాషల్లో తీస్తున్నాం. హీరోయిన్ ఒడీల్ ఒక్కతే, హీరోలు మాత్రం ఇద్దరు: ఫ్రెంచికి ఫిర్మాన్, జర్మన్‌కు మా ఊరి కుర్రాడు లెన్‌హార్ట్. యుద్ధం ముగిసి ఐదేళ్లయినా మంచి ఉన్ని గుడ్డ దొరికి చావదు. అందుకని ఇద్దరికీ ఒకటే కోటు. ఫిర్మాన్ భారీ మనిషి, లెన్‌హార్ట్ బక్కపలచన. పొద్దున్నే కుట్లు విప్పి వదులు చేయడం, ఫ్రెంచి షాటు అయ్యాక మళ్లీ బిగించడం నా పని. విసుగొచ్చేది గానీ, నా కుట్టుకు వంక పెట్టిన మొనగాడు లేడు.

పెట్టుబడి ఫ్రెంచివాళ్లది గనుక ప్రతి సన్నివేశం ముందు వాళ్ల భాషలోనే తీసేవారు. లెన్‌హార్ట్ వంతు వచ్చేసరికి ఒడీల్ ఏడ్చి ఏడ్చి అలసిపోయేది. ఫిర్మాన్ చేసింది కళ్లారా చూసిన వీడు బిగుసుకుపోయేవాడు. ప్లాట్‌ఫారం మీద వీడ్కోలు సన్నివేశం కూడా చెడగొడితే వేరే హీరోను తెస్తానని దర్శకుడు అందరి ముందూ తేల్చి చెప్పేశాడు. ఆ పొద్దున కుర్రాడు కాఫీ కూడా ముట్టలేదు. నేను పోసిచ్చిన కప్పు అలాగే చల్లారిపోయింది.

ఫిర్మాన్ వచ్చి కోటు తొడుక్కున్నాడు. చక్కగా సరిపోయింది. అయినా ఊపిరి బిగబట్టి, ఛాతీ ఉబ్బించి, వచ్చీరాని జర్మన్‌లో అందరికీ వినబడేలా అన్నాడు.

"జెంజి గారూ, కుట్లు విప్పడం మరిచిపోయారా? ఊపిరాడట్లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. పాతికేళ్ల సర్వీసులో నన్నెవరూ అంత మాట అనలేదు. నోరు తెరిచేలోగా అతను లెన్‌హార్ట్ వైపు చూసి, నాకు కన్ను గీటాడు. తెరిచిన నోటితోనే, వయసు మీద పడింది, మరిచిపోయాను అన్నాను. ఆ మాట అనడానికి నా ప్రాణం పోయినంత పనైంది.

దర్శకుడు నన్ను నాలుగు తిట్టి, కోటు ఎలాగూ లెన్‌హార్ట్ కొలతకే ఉంది కదా, ఇవాళ జర్మన్ ముందు కానిద్దాం అన్నాడు. నేను కోటు పట్టుకుని తెర చాటుకు పోయి, పొద్దున్నే వదులు చేసిన కుట్లను గబగబా బిగించాను.

ఒడీల్ తాజాగా ఏడ్చింది. చూసి కాపీ కొట్టడానికి లెన్‌హార్ట్ ముందు ఎవరూ లేరు. కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పి, ఎవరూ చెప్పకుండానే వేళ్లతో ఆమె కళ్లు తుడిచాడు. దర్శకుడు రెండోసారి తీయనే లేదు. వీడి ఉద్యోగం నిలిచింది.

తర్వాత ఫిర్మాన్ వంతు. ఒడీల్ కళ్లలో చుక్క మిగల్లేదు, అతని సన్నివేశం చప్పగా తేలింది. అతనేమో ఈల వేసుకుంటూ వచ్చి కోటు నా చేతికిచ్చాడు.

"ఇప్పుడు సరిపోయిందా, ఫిర్మాన్ గారూ?" అని పుల్లవిరుపుగా అడిగాను.

"పొద్దున కూడా సరిపోయింది. మీ కుట్టు ఎప్పుడు తప్పింది గనక?"